చర్చి లోపల ఫోటోలకు ఏది మేలు: ఫోనా, వైడ్ లెన్సా, షిఫ్ట్ లెన్సా, టెలీ జూమా?

మెదక్ చర్చిలో నేను తీసిన మొదటి ఫోటో ఇప్పటికీ దాచుకున్నాను. స్తంభాలు బాగా వచ్చాయి, బెంచీలు బాగా వచ్చాయి, నేల మీద పలకల డిజైన్ కూడా చక్కగా పడింది. ఆల్టర్ (బలిపీఠం) వెనకున్న పెద్ద కిటికీ మాత్రం తెల్ల కాగితం అతికించినట్టు ఉంది. అందులో ఏసు ఆరోహణ దృశ్యం ఉందని నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. అప్పుడు నా చేతిలో ఉన్నది మంచి కెమెరానే. పక్కనే నిలబడ్డ ఓ పెద్దాయన ఫోన్‌లో మాత్రం ఆ కిటికీ రంగులన్నీ ఉన్నాయి. ఆయన చేసిందల్లా స్క్రీన్ మీద కిటికీని వేలితో తాకడమే.

అందుకే ఎవరైనా "చర్చిలు తీయడానికి ఏ లెన్స్ కొనమంటావ్?" అని అడిగితే ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. నీకు కావాల్సింది హాలా, కిటికీనా, చెక్కడమా? ఈ మూడూ మూడు రకాల పనులు. ఒకే సామానుతో ఒకే క్లిక్‌లో మూడూ పట్టేద్దామనుకుంటే ఏదో ఒకటి తెల్లగానో నల్లగానో పోతుంది.

మన దగ్గర దీన్ని నేర్చుకోవడానికి మెదక్‌ను మించిన చోటు లేదు కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే చెప్తాను. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ 1914లో మొదలుపెట్టించిన కట్టడం ఇది. కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి పని చూపించి తిండి పెడుతూ పదేళ్లు కట్టారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. ఫోటో తీసేవాడికి ఈ అంకెల్లో ముఖ్యమైనది 200. వెనక్కి నడవడానికి చోటుంది అని దానర్థం. చిన్న చర్చిలో నాలుగడుగులు వెనక్కి వేస్తే గోడ వీపుకు తగులుతుంది, అక్కడ వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు పట్టేది) తప్ప గతి లేదు. మెదక్‌లో ఆ ఇబ్బంది లేదు.

లెన్స్ కన్నా ముందు చూసుకోవాల్సినవి

మొదటిది అనుమతి. ఒకసారి వేరే ఊళ్లో (పేరెందుకులెండి) పాత చర్చికి వెళ్లి, ఎవరినీ అడక్కుండా ట్రైపాడ్ విప్పాను. రెండు కాళ్లు విప్పేలోపే వాచ్‌మన్ వచ్చాడు. "సినిమా షూటింగా? లెటర్ ఏది?" అన్నాడు. నా పక్కన పది మంది ఫోన్లతో తీసుకుంటూనే ఉన్నారు, వాళ్లను ఒక్క మాట అనలేదు. చాలా చోట్ల లెక్క ఇదే: కెమెరాతో పేచీ లేదు, ట్రైపాడ్ కనిపిస్తేనే టెన్షన్. లోపల అసలు ఫోటోలే వద్దనే చర్చిలూ ఉన్నాయి. ముందు ఆఫీసులో కనుక్కోండి, పాస్టర్ గారో ఫాదర్ గారో ఉంటే నేరుగా అడగండి. ట్రైపాడ్ సంగతి విడిగా అడగండి. ఆరాధన జరుగుతుంటే కెమెరా సంచిలోనే ఉండాలి. ఫ్లాష్ ఊసే వద్దు: పక్కవాళ్ల ప్రార్థన చెడుతుంది, పైగా రంగుటద్దం మీద ఫ్లాష్ పడితే రంగు చచ్చి, సీసపు పట్టీలూ దుమ్మూ మాత్రం కనిపిస్తాయి. అద్దం వెలగాల్సింది వెనక నుంచి.

రెండోది వెలుతురు తేడా. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పగటిపూట పాత చర్చి హాల్లో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ ద్వారం కొలత, అంకె పెరిగితే ద్వారం చిన్నది) పెడితే సుమారు 4 సెకన్లు కావాలి. అదే కిటికీ అద్దానికి సెకనులో 16వ వంతు సరిపోతుంది. అంటే 64 రెట్ల తేడా, కెమెరా భాషలో ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). ఎండను బట్టి, చర్చిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ తేడా ఈ స్థాయిలోనే ఉంటుంది. మన కన్ను దీన్ని పట్టించుకోదు. కెమెరా ఏదో ఒక పక్షం తీసుకుంటుంది. నా మొదటి ఫోటోలో అది స్తంభాల పక్షం తీసుకుంది.

మూడోది నిటారు గీతలు. గోతిక్ పద్ధతిలో కట్టిన చర్చి అంటేనే పైకి పోయే గీతలు. కెమెరాను కాస్త పైకి ఎత్తగానే స్తంభాలన్నీ లోపలికి వాలి, భవనం వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. కెమెరాను నేలకు సమానంగా, అద్దంలో ముఖం చూసుకున్నట్టు నిటారుగా పట్టుకుంటే ఈ వంకర రాదు. కానీ అప్పుడు ఫ్రేములో సగం నేలే ఉంటుంది. ఈ ముడి ఎలా విప్పుతారన్నదే వైడ్, షిఫ్ట్ (కెమెరా కదలకుండా లెన్స్ మాత్రం పైకి జరిగే) లెన్సుల మధ్య అసలు పోటీ.

బరువు, డబ్బు సంగతి ఎవరికి వారికి తెలుసు.

ఒక్క చూపులో

| సామాను | హాలు మొత్తం | రంగుటద్దాలు | చెక్కడాలు, దూరపు వివరాలు | చేత్తో తీయడం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| ఫోన్ | పర్వాలేదు | వెలుగు తగ్గించి తీస్తే బాగు | దగ్గరివే | హాయి | ఉన్నదే |
| వైడ్ జూమ్ (16-35 లాంటిది) | చాలా బాగు | చిన్నగా వస్తాయి | కుదరదు | స్టెబిలైజేషన్ (చేతి వణుకు సర్దే ఏర్పాటు) ఉంటే సరే | ఎక్కువ |
| 35 ఎంఎం ఎఫ్/1.8 | ముక్కలుగా | పర్వాలేదు | బాగు | చీకట్లో ఇదే మేలు | తక్కువ |
| 24 ఎంఎం షిఫ్ట్ లెన్స్ | అన్నిటికన్నా బాగు | పర్వాలేదు | కుదరదు | కష్టం | చాలా ఎక్కువ |
| టెలీ జూమ్ (దూరాన్ని దగ్గర చేసేది, 70-300) | కుదరదు | అన్నిటికన్నా బాగు | చాలా బాగు | కిటికీలకు సరే | మధ్యస్థం |

ఈ ఫోకల్ లెంగ్తులు (ఎంఎం అంకెలు: చిన్నదైతే వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా కనిపిస్తుంది) ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ కెమెరా, లెక్కలో చెప్పినవి. మీది చిన్న సెన్సర్ కెమెరా అయితే ఒకటిన్నరతో భాగించుకోండి: 16కు బదులు 10 లేదా 11, 35కు బదులు 23 లేదా 24.

ఫోన్

చులకన చేయొద్దు. రెండు తప్పులు మానేస్తే చాలామందికి ఇదే సరిపోతుంది. ఒకటి, నైట్ మోడ్ మీద గుడ్డి నమ్మకం. అది హాలును పట్టపగలులా మార్చేస్తుంది. చర్చి లోపలి చీకటికి ఒక అందం ఉంది, అది కాస్తా ఎగిరిపోయి ట్యూబ్‌లైట్లు వేసిన ఫంక్షన్ హాలులా కనిపిస్తుంది. రెండోది, 0.5 బటన్. ఆ అల్ట్రా వైడ్ కెమెరాకు చాలా ఫోన్లలో సెన్సర్ చిన్నది, చీకట్లో గోడలు మరకల్లా వస్తాయి. 1 దగ్గరే ఉండి, నాలుగడుగులు వెనక్కి వెళ్లడం మేలు.

కిటికీకి పద్ధతి ఇది: కిటికీని వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు అక్కడే ఆగిపోతాయి. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. మామూలుగా "మరీ నల్లగా అయిందే" అనిపించే చోటికి ఇంకాస్త కిందికే. అప్పుడు నీలం నీలంగా, ఎరుపు ఎరుపుగా వస్తాయి. గోడలు పూర్తిగా నల్లబడతాయి, పడనివ్వండి. కిటికీ ఫోటోలో గోడ నల్లగా ఉండటమే అందం.

పైకప్పుకు ఇంకో ఉపాయం: టైమర్ పెట్టి, ఫోన్‌ను సెల్ఫీ కెమెరా పైకి ఉండేలా నేల మీద, సరిగ్గా మధ్యలో పడుకోబెట్టండి. చేయి కదలదు, కమానులు రెండు పక్కలా సమానంగా వస్తాయి. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజ్ చాపెల్ కప్పు రాతి విసనకర్రలు విప్పినట్టు ఉంటుంది. 1512 నుంచి 1515 దాకా మూడేళ్లలో కట్టిన కప్పు అది. అక్కడున్న మనవాళ్లు మెడలు విరిగేలా పైకి చూస్తూ తీసే బదులు ఇలా చేస్తే సరి. ఎవరూ ఫోన్ తొక్కకుండా పక్కన ఒకరిని కాపలా పెట్టండి.

వైడ్ జూమ్

చర్చి ఫోటోలు అనగానే అందరూ కొనేది ఇదే. నా ఉద్దేశంలో దీని మీద మోజు కాస్త ఎక్కువే. 16 ఎంఎం దగ్గర దాదాపు 97 డిగ్రీల వెడల్పు కనిపిస్తుంది. హాలంతా పడుతుంది నిజమే, కానీ అసలు చూడాల్సిన ఆల్టర్ అగ్గిపెట్టెంత అయిపోతుంది. మూలల్లో ఉన్న బెంచీలు సాగిపోతాయి, చివర కూర్చున్న మనిషి ఉంటే మరీ దారుణం.

అయినా మెదక్‌లో దీనికి ఒక గొప్ప సౌలభ్యం ఉంది: నేల. అక్కడి మొజాయిక్ పలకలు బ్రిటన్ నుంచి తెప్పించినవి, పరిచింది ఇటలీ పనివాళ్లు. కెమెరాను నిటారుగా పట్టినప్పుడు ఫ్రేములో సగం నేల వస్తుందని పైన అన్నాను కదా, వేరే చర్చిలో అది దండగ, ఇక్కడ అదే సగం అందం. కెమెరాను నడుము ఎత్తుకు దించి మధ్య నడవలో నిలబడితే పలకల వరసలు నేరుగా ఆల్టర్ దాకా చూపును లాక్కెళ్తాయి.

తెరవాల్సింది ఎఫ్/8 దగ్గర. చేత్తో అయితే ఐఎస్ఓ 1600లో నాలుగో వంతు సెకను పడుతుంది. బాడీలోనో లెన్స్‌లోనో మంచి స్టెబిలైజేషన్ ఉంటే, ఊపిరి బిగబట్టి ఐదు తీస్తే రెండు పనికొస్తాయి.

షిఫ్ట్ లెన్స్, దానికి పేదవాడి మందు

భవనాల ఫోటోలు వృత్తిగా తీసేవాళ్ల లెన్స్ ఇది. కెమెరాను నిటారుగానే ఉంచి లెన్స్‌ను మాత్రం పైకి జరుపుతారు. నేల తగ్గి కప్పు వస్తుంది, స్తంభాలు నిటారుగానే ఉంటాయి. కెనాన్ 24 ఎంఎం, 17 ఎంఎం, నికాన్ 19 ఎంఎం ఈ రకానివి. ఆటోఫోకస్ లేదు, తీరిక కావాలి, ట్రైపాడ్ ఉంటేనే సుఖం, కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది.

కొనే ముందు ఒక చిన్న లెక్క చూడండి. 24 ఎంఎం షిఫ్ట్ లెన్స్‌ను కెమెరా అడ్డంగా ఉంచి 12 మిల్లీమీటర్లు పైకి జరిపారనుకుందాం. ఫోటో కింది అంచు మీ కంటి ఎత్తు దగ్గర, పై అంచు 45 డిగ్రీల ఎత్తు దగ్గర ఉంటుంది. వెడల్పు 74 డిగ్రీలు. ఇప్పుడు మామూలు 16 ఎంఎం తీసుకుని, కెమెరాను నిలువుగా తిప్పి, అంతే నిటారుగా పట్టి తీయండి. దాని వెడల్పు కూడా సరిగ్గా 74 డిగ్రీలే, పైకి 48 డిగ్రీల దాకా కనిపిస్తుంది. ఇంటికొచ్చాక కింది సగం, పైన సన్నటి పట్టీ కత్తిరిస్తే మిగిలేది అదే ఫోటో.

పోయేది పిక్సెల్స్. 24 మెగాపిక్సెల్ కెమెరాలో దాదాపు పదిన్నర మిగులుతాయి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏ4 ప్రింట్‌కు తొమ్మిది లోపే చాలు. కాబట్టి పెద్ద పోస్టర్లో, పుస్తకానికి రెండు పేజీల బొమ్మలో ఇవ్వాల్సిన వాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ లక్ష దాచుకోవచ్చు. ఈ సంగతి నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. అద్దెకు తెచ్చిన షిఫ్ట్ లెన్స్‌తో ఒక రోజంతా కుస్తీ పట్టాక.

సాఫ్ట్‌వేర్‌లో వంకర సరిచేయడం మూడో దారి. కొద్దిగా వాలితే ఫర్వాలేదు. బాగా పైకెత్తి తీసినదాన్ని లాగితే స్తంభాలు నిటారవుతాయి గానీ పైభాగం పలుచబడి, కమానులు పొడుగు ముఖాల్లా తయారవుతాయి.

35 ఎంఎం ఎఫ్/1.8

తక్కువ ఖర్చులో నాకు బాగా ఇష్టమైనది. ఎఫ్/2 దగ్గర ఐఎస్ఓ 1600తో 60వ వంతు సెకను వస్తుంది, అంటే ట్రైపాడ్ బెంగే లేదు. హాలంతా రాదు. పుల్పిట్ (ప్రసంగ వేదిక), ఒక స్తంభం మొదలు, బెంచీ చివర అరిగిపోయిన చెక్క, కిటికీ నుంచి గోడ మీద పడ్డ రంగు నీడ, ఇలాంటివి వస్తాయి.

దీని బలం తెలియాలంటే పాత గోవా వెళ్లాలి. 1605లో ప్రతిష్ఠ జరిగిన బామ్ జీసస్ బసిలికాలో ఆల్టర్ వెనక గోడంతా బంగారు పూత, చుట్టూ మసక వెలుతురు. ఇక్కడ ఎఫ్/8 పెట్టుకుని కూర్చుంటే జరిగే పని కాదు, వెనక జనం తోసుకొస్తుంటారు. బంగారు పూతకు వెలుగు ఒక స్టాపు తగ్గించి తీయండి, లేకపోతే మెరుపు పసుపు మచ్చలా మారుతుంది. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లో మైకెలాంజిలో పియెటాకు (చనిపోయిన ఏసును ఒడిలో పెట్టుకున్న మరియ శిల్పం) నకలు ఉంది. అలాంటి శిల్పాలకూ ఇదే లెన్స్. ఎదురుగా కాకుండా పక్క నుంచి వెలుతురు పడే వైపు నిలబడితే వస్త్రం ముడతలు లేస్తాయి.

టెలీ జూమ్

చర్చికి ఎవరూ తీసుకెళ్లని లెన్స్. తీసుకెళ్లాల్సినది కూడా ఇదే. మెదక్‌లోని మూడు పెద్ద కిటికీల డిజైన్ ఇంగ్లిష్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీది. ఆల్టర్ వెనక ఆరోహణ 1927 నాటిది, పడమటి వైపు ఏసు జననం 1947 నాటిది, తూర్పు వైపు సిలువ 1958 నాటిది. కింద నిలబడి చూస్తే రంగులు కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. 200 ఎంఎం దగ్గర ఒక్కసారి చూడండి: ఒక్కో ముఖం మీద ఉన్న గీతలు, ముక్కకూ ముక్కకూ మధ్య సీసపు పట్టీ, అన్నీ తెలుస్తాయి.

కిటికీకి వెలుతురు దండిగా ఉంటుంది కాబట్టి చేత్తోనే పని జరుగుతుంది: ఎఫ్/5.6, ఐఎస్ఓ 800, 250వ వంతు సెకను. ఇదే లెన్స్‌తో చీకట్లో ఉన్న చెక్కడం తీయాలంటే మాత్రం ఏదో ఒక ఆధారం కావాలి. వీలైనంత దూరం వెళ్లి తీస్తే కిటికీ కోలగా సాగదు. వైట్ బ్యాలెన్స్ (వెలుగును బట్టి రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో వదలొద్దు, డేలైట్‌లో పెట్టేయండి. ఆటో అయితే నీలం ఎక్కువున్న కిటికీని చూసి దాన్ని సరిచేయబోతుంది, ఆ నీలమే పోతుంది.

ట్రైపాడా, బెంచీనా?

అనుమతి దొరికితే ట్రైపాడే. ఐఎస్ఓ 100లో, రెండేసి స్టాపుల తేడాతో మూడు నుంచి ఐదు ఫోటోలు తీసి కలిపితే హాలూ కిటికీ రెండూ ఉంటాయి. కలిపేటప్పుడు కిటికీని హాలు కన్నా వెలుగ్గానే ఉంచండి. రెండూ ఒకే వెలుగులో ఉంటే కిటికీ గోడకు అతికించిన క్యాలెండర్‌లా ఉంటుంది.

అనుమతి లేకపోతే బెంచీ వెనక భాగం ఉందిగా. కెమెరా కింద మడతపెట్టిన కండువా పెట్టి, రెండు సెకన్ల టైమర్ వేస్తే 4 సెకన్లు కూడా కదలకుండా వస్తుంది. బియ్యం పోసిన చిన్న గుడ్డ సంచి ఇంకా మేలు. స్తంభానికి వీపు ఆనించడం కూడా ఒక పద్ధతే. పారిస్‌లో సాంత్ షాపెల్ లాంటి చోట, 15 కిటికీల్లో 1113 దృశ్యాలు చుట్టూ వెలుగుతుంటే, ఆ జనంలో ట్రైపాడ్ కాళ్లు చాపే చోటు ఎక్కడుంటుంది?

ఎవరికి ఏది

కుటుంబంతో వెళ్లి రెండు గంటల్లో తిరిగొచ్చేవాళ్లకు ఫోన్ చాలు, కొత్తగా ఏమీ కొనకండి. కెమెరా, దాంతో వచ్చిన కిట్ లెన్స్ ఉండి ఒకే ఒక్కటి కొనాలనుకునేవాళ్లు 35 కొనండి, వైడ్ కాదు. కిట్ లెన్స్‌లోనే హాలు చాలావరకు వస్తుంది, దానికి లేనిది వెలుతురు పట్టే శక్తి. రంగుటద్దాలే మీ ఇష్టమైతే పాత 70-300 సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు, చర్చి చరిత్ర మీద చిన్న పుస్తకం వేయాలనుకునే సంఘం వాళ్లు వైడ్ జూమ్, ట్రైపాడ్ తీసుకుని రాతపూర్వకంగా అనుమతి అడగండి. షిఫ్ట్ లెన్స్ ఒక్క రోజు అద్దెకు తెచ్చి చూశాకే కొనండి.

నా సంచిలో 35, పాత 70-300, ఒక కండువా ఉంటాయి. హాలుకు ఫోన్‌తోనే సరిపెట్టుకుంటాను.

మెదక్‌కు పొద్దున్నే వెళ్తే తూర్పు కిటికీ వెలుగుతూ ఉంటుంది, ముందు అది తీసేయండి. వెళ్లగానే ఫోన్‌లో దిక్సూచి చూసుకుంటే ఏది ఏ వైపో తేలిపోతుంది. నేరుగా ఎండ పడి ఒకచోట మాత్రం భగ్గుమంటుంటే పల్చటి మబ్బు వచ్చేదాకా ఆగండి, అద్దమంతా సమంగా వెలుగుతుంది. మధ్యాహ్నం హాలు, నేల, పుల్పిట్. ఆదివారాలు, క్రిస్మస్ రోజులు వద్దు, జనం మధ్య నేల కనిపించదు. పడమటి కిటికీ మూడు దాటాక గానీ నిద్ర లేవదు. అది చూడకుండా హైదరాబాద్ బస్సు ఎక్కేయకండి, తర్వాతి బస్సుకు వెళ్లొచ్చు.